తనకంటే తానే కిందికి దిగిన మూల

“గ్లాసు నిండ చాయ్ పోసి నడుమ పెడుత. ఒక్క చుక్క ఒలికినా మొత్తం పీకి పారేపిస్త,” అన్నాడు మహేందర్. “కొత్తింటి తలుపులు, కిటికీలు గూడ జగిత్యాలోల్లకే ఇస్త.”

వడ్రంగి భూమేశ్ గబగబా తలూపాడు. మహేందర్ కట్టబోయే కొత్తింటి పని తనకేనని అప్పటికే కోరుట్ల అంతా చెప్పుకు తిరిగాడు మరి.

మహేందర్‌కు దుబాయ్‌లో చూసినటువంటి చెక్క నేల, అదే డెక్కు, తన మిద్దె మీద కావాలి. వాన నీళ్లు పోవడానికి స్లాబు ఓ పక్కకు వాలుగా ఉంది. దాని మీద టేకు దూలాల చట్రం మాత్రం సమంగా కూర్చోవాలి. అందుకోసం భూమేశ్ లెవల్ పైపు తెచ్చాడు. నీళ్లు నింపిన పొడుగాటి పైపు అది. రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. నీళ్లకు అబద్ధమాడడం రాదు.

ఒక కొస తాను పట్టుకుంటానని మహేందర్ తండ్రి సాయిలు ముందుకొచ్చాడు.

“ముప్పయేండ్లు తాటిచెట్లెక్కినోన్ని. లెవలంటే నాకు తెల్వదా?”

మెట్ల కింది నుంచి కోడలు సుమలత అరిచింది. “మామా, డాక్టరు వద్దన్నడు! ఇల్లు దాటి పోయిండ్రంటే ఆయనకే ఫోన్ చేస్త!”

“ఏడికి పోత బిడ్డా? పని చేసుకుంటున్న.”

ఎండలో పైపులోని నీళ్లు కనిపించడం లేదని కనిపెట్టింది కూడా సాయిలే. “సున్నం నీళ్లు నింపుకొస్త. తెల్లగ కనవడతయి,” అని పైపు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లాడు. నింపుకొచ్చేసరికి పైపు వెంట ఊళ్లోని ఈగలన్నీ ఊరేగింపుగా వచ్చాయి.

“సున్నానికి ఈగలేంది కాకా?”

“బెల్లం కలిపిన. పాత మేస్త్రీలు గట్లనే కలుపుదురు. నీకేం తెలుసు?”

సాయిలు మొదటి మూలలో నీళ్ల ట్యాంకు చాటున నీడకు కూర్చున్నాడు. భూమేశ్ అక్కడ నీళ్ల ఎత్తుకు ఒక మార్కు గీసి, రెండో కొస పట్టుకుని మిగతా మూలలు తిరిగాడు.

“కాకా, నీళ్లు మార్కు కాడ ఉన్నయా?”

“మార్కును ముద్దు వెట్టుకుంటున్నయి. గీసుకో!”

చుట్టూ తిరిగి మొదటి మూలకొచ్చిన భూమేశ్ అక్కడే నిలబడిపోయాడు. మార్కు పైన ఉంది. నీళ్లు రెండు వేళ్లు కింద ఉన్నాయి. ఒక్క చుట్టు తిరిగొచ్చేలోపు మొదటి మూల తనకంటే తానే కిందికి దిగిపోయింది.

“పైపుల బుడగ చేరింది కావచ్చు,” అన్నాడు భూమేశ్.

“బుడగలైతే నేను పీల్చి తీస్త. నువ్వు తిరుగు.”

రెండో చుట్టుకు మూల జానెడు దిగింది.

పక్కింటి రవిని పిలిచారు. రవికి పునాదుల గురించి రెండు వీడియోలు చూసిన అనుభవం ఉంది. అతను పైపు చూశాడు, మార్కు చూశాడు, చివరికి మహేందర్ వైపు జాలిగా చూశాడు.

“మూల కుంగుతలేదన్నా. ఇల్లే కుంగుతున్నది. గీ లెక్కన దసరాకు నీ మిద్దె వాకిలైతది.”

ఆ మాటకు సుమలత టీవీ బయట పెట్టింది. తర్వాత ఫ్రిజ్, ఆ తర్వాత పెళ్లి ఆల్బం. ఎదురింటి వాళ్లు బర్రెను విప్పి రెండు వీధుల అవతల కట్టేశారు. బర్రె ఒక్కటే నెమ్మదిగా నడిచింది.

భూమేశ్ పట్టు వదల్లేదు. మూడో చుట్టు మొదలుపెట్టాడు. ఈసారి తన కొసలో తెల్లగా ఏమీ కనిపించలేదు. పైపు ఎత్తాడు, దించాడు, విదిలించాడు. ఒక ఈగ బయటికొచ్చి తూలుతూ ఎగిరిపోయింది.

“కాకా, నీళ్లేవి?”

“ఎండకు ఇగిరినయి,” అంది ట్యాంకు చాటున గొంతు.

వీధిలోంచి మహేందర్ కేకేశాడు. “అరే భూమేశ్, దిగు! ఇల్లే భూమిల కలుస్తుంటే ఇంక డెక్కేంది, తలుపులేంది? కొత్తిల్లు గూడ బందు! బాపూ, నువ్వు గూడ దిగు!”

భూమేశ్ ఖాళీ పైపు చుట్టుకున్నాడు. ఉలి, రంపం సంచిలో వేసుకున్నాడు. కొత్తింటి తలుపులన్నీ ఒక్కొక్కటిగా కళ్ల ముందు మూసుకుంటున్నాయి.

సాయిలుకు మాత్రం ఏ బెంగా లేదు. ట్యాంకుకు ఆనుకుని, కాళ్లు బారజాపి, ఈగలను తోలుకుంటూ చిరునవ్వుతో అతన్ని దగ్గరికి పిలిచాడు. కింద కోడలికి వినబడకుండా చెవిలో చెప్పాడు.

“రంది పడకు పిలగా. రేపు జర లావు పైపు తే. గీ సన్న పైపుల కల్లు రెండు చుట్లకే ఒడిసింది.”