గంట ఆలస్యం

“ఇంద్రాణీ, ఉరకవాకే! నాకింకా తల తిరగతా ఉండాది!” అంటూ మీనాంబ నవ్వుతూ వెంటపడింది.

కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలను వారానికి రెండు గంటలు చూసుకుని, తల్లులకు విశ్రాంతినిచ్చే కేంద్రాన్ని తిరుత్తణిలో కొత్తగా తెరిచారు. తమ పిల్లలను అక్కడ వదిలి వెళ్లిన ఈ తల్లులిద్దరూ ఆడికృత్తిక తిరునాళ్లలో రంగులరాట్నం మూడుసార్లెక్కి గంట ఆలస్యం చేశారు.

“నా చేత్తో పెడితే తప్ప వాడు తినడక్కా! ఆకలికి ఏడస్తా ఉంటాడు,” అంటూ ఇంద్రాణి లోపలికి దూసుకెళ్లింది.

ఆమె ఏడేళ్ల కొడుకు తణికాచలం, కేంద్రంలో పనిచేసే వల్లియమ్మ ఒళ్లో కిలకిలా నవ్వుతూ పెరుగన్నం తింటున్నాడు.

“ఇది రెండో గిన్నె,” అంది వల్లియమ్మ. “పాట పాడితే సాలు, నోరు తెరస్తాడు.”

తాను లేకుంటే బిడ్డ బతకడన్న ఏడేళ్ల భయం ఇంద్రాణి కడుపులోంచి నవ్వై పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని కొడుకు పక్కనే చతికిలబడింది.

“నాకూ ఒక ముద్ద పెట్టక్కా,” అంటూ నోరు తెరిచింది.