మూడో గుంత

బళ్లన్నీ గాల్లో తిరగడం మొదలెట్టాక, పాత మద్రాసు-కలకత్తా రోడ్డులో తుని దగ్గర నాలుగు కిలోమీటర్లు మాత్రం యాత్రికుల కోసం అట్టే ఉంచారు. ఎడ్లబళ్ల కాలం నుంచీ నడిచిన దారి అది. జనం డీజిలు బస్సెక్కి, హారను మోత విని, గుంతల్లో ఎగిరెగిరి పడి, కేరింతలు కొడుతూ దిగుతారు. ఆ పన్నెండు గుంతలూ పూడిపోకుండా చూసుకోవడమే నూకరత్నం ఉద్యోగం.

చిక్కల్లా మామగారితోనే. సింహాద్రి ఒకప్పుడు ముప్పై ఏళ్లు అదే రోడ్డు మీద గుంతలు పూడ్చిన మనిషి. ఇప్పటికీ గుంత కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

ఆ ఉదయం తనిఖీకి వచ్చిన ఆఫీసరుతో నూకరత్నం కూడా బస్సెక్కింది. రెండు గుంతల్లో ఎగిరిపడి అందరూ నవ్వారు. మూడో చోట బస్సు నున్నగా వెళ్లిపోయింది.

"ఏదమ్మా గుంత?" అంటూ ఆఫీసరు బస్సాపించాడు.

రోడ్డు పక్కన సింహాద్రి తీరుబడిగా పార కడుక్కుంటున్నాడు. నూకరత్నం ఆఫీసరు వెనకే దిగి ఆయన దగ్గరికి పరిగెత్తింది.

"ఎంత పని సేసేవు మావయ్యా! నా ఉజ్జోగం తీసేత్తారు!"

సింహాద్రి కొత్త అతుకును మడమతో ఓసారి తొక్కి చూసుకుని, ఆఫీసరు వైపు తిరిగాడు.

"కంగారెందుకండీ బాబూ? మా గ్యాంగు పూడ్సింది ఏనాడన్నా నిలిసిందా? ఒక్క వాన పడనీండి."

ఆదివారం వాన పడింది. సోమవారం ఆఫీసరు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. గుంత మునుపటికన్నా రెండంగుళాలు లోతుగా ఉంది.