ఒక్కటే దోమతెర

“పట్టపగలు దోమతెరేమిటమ్మా, మీ ఆయనకి ఇంకా తెల్లారలేదా?”

అత్తగారు అడిగింది పక్కమంచం జ్వరం మనిషి భార్యని. వినపడింది మాత్రం వార్డు మొత్తానికి. ఆవిడ ఏది అడిగినా అంతే.

అది ఎముకలు విరిగినవాళ్ల వార్డు. జ్వరాల వార్డు నిండిపోవడంతో ఆ మనిషిని తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు. కప్పు కారేచోటల్లా బకెట్లు పెట్టారు. వాటిని పారబోయడం ఎవరి పనో తేలక, వానలు వెలిసినా అవి నిండుగానే ఉన్నాయి. మందులు దొరకవుగానీ దోమలకి ఆ ఆస్పత్రిలో ఏ లోటూ లేదు. అల్లుడుగారి కాలు పిండికట్టుతో పైకి వేలాడుతోంది. నిండు గర్భిణి అయిన కూతురు స్టూలు మీద కూర్చుని, ఆయన ఎక్స్‌రే ఫిల్ముతోనే ఆయనకి విసురుతూ, మధ్యమధ్య తన చేతులు గోక్కుంటోంది.

“సిస్టరుగారు తీయొద్దన్నారు పిన్నిగారూ,” అంది జ్వరం మనిషి భార్య.

“ఎందుకట?”

“చెప్పలేదండీ. అడిగేలోపే పై వార్డుకి పరుగెత్తారు. అన్నిటికీ ఆవిడొక్కరే కదా.”

“ఇంతకీ సిస్టరుకి మీరేమవుతారు?”

“ఏమీ కామండీ.”

“ఏమీ కానివాళ్లకి, ఆస్పత్రి మొత్తానికీ ఉన్న ఒక్క తెరా ఊరికే కట్టిందా?”

చెయ్యి విరిగిన మేస్త్రీ అందుకున్నాడు. “నేనూ అదే అనుకుంటున్నానండి. సూపరింటెండెంటుగారి బామ్మర్దేమో!”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు చివరి మంచం దాకా పాకేసరికి, జ్వరం మనిషి నిజంగానే సూపరింటెండెంటుగారి బామ్మర్ది అయి కూర్చున్నాడు.

“తీసుకుపోనీవే, గొడవెందుకు,” అని ఆ బామ్మర్ది తెరలోంచి మూలిగాడు.

“అమ్మా, ఊరుకోవే. జ్వరంతో ఉన్నాడు పాపం,” అంది కూతురు.

“నాకు మాత్రం జాలి లేదా? దోమ కుట్టే వచ్చిందటగా ఆ జ్వరం. వచ్చిందేదో వచ్చేసింది. ఇంకో దోమ కుడితే కొత్తగా వచ్చేదేముంది? తెర కావాల్సింది ఇంకా రానివాళ్లకి!”

వార్డు నోరెళ్లబెట్టింది. ఇంత తేలికైన సంగతి అన్నేళ్లు చదివిన డాక్టర్లకి తట్టలేదే అని అందరికీ జాలేసింది. మేస్త్రీ మిగిలిన ఒంటిచేత్తోనే ముడులు విప్పాడు. తెర అల్లుడుగారి మంచమెక్కింది. అత్తగారు అంచులు పరుపు కిందికి దోపి, “ఇక హాయిగా పడుకోండి అల్లుడుగారూ,” అంది.

తెరకి అడ్డం లేకుండా కూతురు స్టూలు వెనక్కి, జ్వరం మనిషి మంచం వైపు జరుపుకుంది. కాసేపటికి ఛట్టున చెయ్యి మీద కొట్టుకుంది.

“అబ్బ, ఎంత రక్తం తాగిందో!”

అప్పుడే సిస్టరు మెట్లు దిగి వచ్చింది. తెర లేని మంచాన్ని చూసింది. తెర ఉన్న మంచాన్ని చూసింది. చివరికి ఆమె చూపు కూతురి కడుపు మీద ఆగింది.

“ఎవరు తీశారు?”

“నేనే,” అంది అత్తగారు నడుం మీద చెయ్యేసి. “ఇంత పక్షపాతం పనికిరాదమ్మా. ఆయనొక్కడికే ఎందుకు కట్టావో నలుగురిలో చెప్పు.”

సిస్టరు కూతురి చేతి మీది రక్తపు మరక దూదితో తుడిచింది.

“ఆయన్ని కుట్టిన దోమ మిమ్మల్ని కుట్టకూడదని కట్టానమ్మా.”