గిల్లుడు పట్టీ

ఆఫీసులో తల్లులు పాలు తీసుకునే గదిలో హైమ పంపు పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపటికీ సీసాలో చుక్క పడదే! బిడ్డ ఏడుపు వింటే పాలు చేపుకొస్తాయని, ఇప్పుడు ఏ ఉయ్యాల కొన్నా దాంతోపాటు, ఫోన్‌లో మీట నొక్కితే బిడ్డ కాలు గిల్లే గిల్లుడు పట్టీ ఇస్తున్నారు. ఇంట్లో పాప కాలికి కట్టింది అదే.

ఇంట్లో ఉయ్యాలలోంచి పాప వీడియో కాల్‌లో అమ్మ మొహాన్నే చూస్తోంది. హైమ రోజూలాగే మీట నొక్కింది. పాప కెవ్వుమంది.

"కాలు కందిపోయింది, ఇక చాలమ్మా," అంది ఉయ్యాల పక్కనుంచి అత్తగారు.

"నా పాలు ఎండిపోతే మీరిస్తారా అత్తయ్యా?" అంటూ హైమ ఇంకాస్త గట్టిగా నొక్కింది. సీసా నిండింది.

సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ల వైపు నుంచే పట్టీ విప్పేసి, నవ్వుతూ ఉయ్యాల మీదికి వంగింది. అమ్మ మొహం కనబడగానే పాప కాలు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చింది.

హైమ జాకెట్టు తడిసేలా పాలు చేపుకొచ్చాయి.