మొరాయించిన రోటరీ

భూకంపం ఆగింది, సునామీ సైరన్ మొదలైంది. తాళం ఎంత తిప్పినా, మోజుపడి కొన్న, హిరోషిమాలో తయారైన మా రోటరీ ఇంజను కారు దగ్గుతోందే కానీ అందుకోవడం లేదు.

"పొద్దున దీన్ని ముట్టుకున్నావా?" అని నా భార్య ఫుసాయె మీద అరిచాను.

"మంచు ఊడ్చడానికి కాస్త జరిపి ఆపేశానండీ."

"రోటరీ ఇంజను వేడెక్కకుండా ఆపితే పెట్రోలు నిండి మొరాయిస్తుందని పెళ్ళయినప్పటి నుంచీ మొత్తుకుంటున్నానే! చంపేశావు మనల్ని!"

"కొండెక్కాక తిడుదురుగాని, ముందు నడవండి!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

కొండ మీది గుడి మెట్లన్నీ తిడుతూనే ఎక్కాను. పైకి చేరాక వెనక్కి చూశాను.

తాళం తిప్పగానే కదిలిన ఇరుగుపొరుగు కార్లన్నీ కింద రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోయి హారన్లు కొడుతున్నాయి.

సముద్రం వచ్చింది. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.