నోటికి చెవి

మంచం దగ్గర మీట వేలాడగట్టాలి. మీట నుంచి ముందు గదిలో బల్ల దాకా తీగ లాగాలి. ఆ తీగను మైక్రోకంట్రోలరు అనే చిన్న చిప్పుకి, చిప్పుని అరచేతి వెడల్పున్న కంప్యూటరు బోర్డుకి, బోర్డుని టెలిఫోనుకి కలపాలి. ఇదంతా పొద్దుగూకేలోగా అయిపోవాలి.

మొదటి రెండూ వరప్రసాదు చేసేశాడు. ఉద్దానంలో బోరు మోటార్లు బిగించి బిగించి కాయలు కాసిన చేతులవి. చిప్పు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాయి.

మొన్న మధ్యాహ్నం ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. పిలిచిన పిలుపు జీడితోటల గాలిలో కలిసిపోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి గోళ్ళు నీలం తిరిగి ఉన్నాయి. "కిడ్నీలు పోయిన మనిషిని ఒంటరిగా వదలకండి. ఈసారి ఆలస్యమైతే ప్రాణం దక్కదు" అన్నాడు డాక్టరు. వదలకుండా కూర్చుంటే ఇల్లు గడవదు. అందుకే ఈ ఏర్పాటు.

"నువ్వే కలిపెయ్యరాదేట్రా? ఇంజినీరువి నువ్వు, నాను కాదు గదా?" అన్నాడు వరప్రసాదు.

"నువ్వే కలపాల నాన్నా. రేపు తీగ ఊడిపోతే, నాకు కుదరనప్పుడు ఎవరు పెడతారు?" కుర్చీలోంచే అన్నాడు ఆరోన్. ఆ వంశంలో డిగ్రీ చేతికొచ్చిన మొదటివాడు. ఆ బోర్డు హైదరాబాదులో తను పనిచేసిన కంపెనీ పక్కన పడేసినదే.

వరప్రసాదు తీగలు కలిపి, మంచం దగ్గరికెళ్ళి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. బోర్డు ఉలకలేదు, పలకలేదు.

"ఎలాగ కలిపావు?"

"ఎలాగేటి! రాతకి రాత సూసి కలిపాను. దీని మీద టీఎక్స్ అనుంది, దాని మీదా టీఎక్స్ అనుంది. మోటారుకైతే ఎర్రకి ఎర్ర, నల్లకి నల్ల. ముప్పయ్యేళ్ళుగా అదే సేత్తన్నాను."

ఆరోన్ నవ్వాడు. "ఇది మోటారు కాదు నాన్నా. టీఎక్స్ అంటే నోరు, ఆరెక్స్ అంటే సెవి. నోటికి నోరు కట్టేత్తే ఇద్దరూ అరుత్తారు, ఎవడూ ఇనడు."

"మీ అమ్మా నానూ అలాగే కాపరం సేసేం కదరా! మరి ఈ మూడోది?"

"అది గ్రౌండు. అది మాత్రం రాతకి రాతే కలపాల. అది కలపకపోతే ఒకడి మాట ఇంకొకడికి అర్థం కాదు. ఇంకోటి నాన్నా, చిప్పు గట్టిగా మాటాడతాది, బోర్డు సెవి అంత తట్టుకోలేదు. మధ్యలో ఆ గొంతు తగ్గించేవి ఈ రెండు రెసిస్టర్లే, తియ్యకు."

వరప్రసాదు గ్లాసులో నీళ్ళు ఒంపుకుని, ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాడు. ఆరోన్ చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఈసారి చిప్పు నోటిని బోర్డు చెవికి కలిపాడు వరప్రసాదు. లోపల్లోపల ప్రార్థన చేసుకుంటూ వెనక గదిలోకి వెళ్ళి మీట నొక్కాడు.

వీధిలోంచి కేక వినబడింది.

"మావా! నా సెల్లు మోగింది!" ఆటో పోలారావు గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. "ఎత్తితే, 'పోలారావన్నా, ఎంటనే రా' అంతంది. అచ్చం ఆరోను గొంతే!"

"రికార్డు సేసి పెట్టాన్లే. మళ్ళీ మోగితే ఏటి సేత్తావు?" అన్నాడు ఆరోన్.

"ఏటి సేత్తాను? బేరం దింపేసి వచ్చేత్తాను. ఇకనుంచి ఇచ్ఛాపురం కిరాయిలు కూడా ఒప్పుకోను మావా, ఒట్టు. ఈ ఊరి సుట్టూనే తిరుగుతాను."

వరప్రసాదు కండువాతో మొహం తుడుచుకున్నాడు. పోలారావు వెళ్ళిపోయాడు. బోర్డు మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది.

"పొద్దున్నించీ కూకునే ఉన్నాం. పద, నడుం వాల్చాల" అన్నాడు వరప్రసాదు.

కొడుకును రెండు చేతులా ఎత్తుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి, మీట అతని గుప్పిట్లో పెట్టాడు.