ఇంకా పెరుగుతున్న గవ్వ

సముద్రం నడుమ ఒక రాతిదిబ్బ. దాని మీద ఆడ సముద్ర సింహాలు కాపురముండేవి. వాటిలో అన్నిటికంటే పొట్టిది గవ్వ అనే పడుచుది.

దిబ్బ కొసన ఒక నీటికాకి పొద్దస్తమానం తడి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ వచ్చేపోయేవాళ్లని పలకరించేది.

"ఏమే గవ్వా, ఈ ఏడూ కడుపు పండలేదా? నీ ఈడువాళ్లంతా పిల్లలకి పాలిస్తున్నారు!"

ఆ మాటకి గవ్వ వేటకి వెళ్లడం మానేసి అమ్మమ్మ పక్కన ముడుచుకుంది.

"వెళ్లి తినవే పిచ్చిదానా," అంది అమ్మమ్మ. "నీ ఒళ్లు ఇంకా నిన్నే పెంచుకుంటోంది. ముందు నీ వంతు కానివ్వు, ఆ తర్వాతే నీ పిల్ల వంతు."

గవ్వ తింది, ఈదింది, ఒళ్లు చేసింది. మరుసటేడు కాక ఆ పై ఏడు దానికీ పిల్ల పుట్టింది. ఆ ఏడే నీళ్లు వేడెక్కి చేపలు లోతుకి దిగిపోయాయి. ఒళ్లు ఎదగకముందే తల్లులైనవి సగం దూరంలోనే ఊపిరాడక పైకి తేలేవి. గవ్వ మాత్రం అడుగుదాకా మునిగి, కడుపు నింపుకుని వచ్చి, గట్టు మీద ఒక్క కేక వేసేది. అన్ని పిల్లల్లోంచీ దాని పిల్ల ఒక్కటే ఆ గొంతు గుర్తుపట్టి "వస్తున్నానమ్మా!" అంటూ పాలకి పరుగెత్తుకొచ్చేది.

ఒకనాడు నీటికాకి మరో పడుచుదాన్ని ఆపింది. "ఏమే, నీకింకా..."

గవ్వ ఆ పక్కనే నీళ్లలోకి దభీమని దూకింది. అప్పుడే ఆరిన రెక్కలు మళ్లీ నిలువునా తడిసిపోయాయి.

"నీ రెక్కలు ఆరబెట్టుకో పిన్నీ," అంది గవ్వ పైకి తేలి. "దాన్ని పెరగనీ."

పడుచుది కిలకిలా నవ్వి, చేపల కోసం మునిగింది.